సున్నా నంబరు రాయి

యజ్ఞనారాయణ గారిని నేను క్షమించలేదు. ఇది ముందే చెప్పేస్తే మంచిది. చివర్లో నేనేదో మెత్తబడిపోతానని, సంచీలో బత్తాయిలు వేసుకుని ఆయన్ను పలకరించడానికి వెళ్తానని ఎవరైనా ఎదురుచూస్తే అది నా తప్పు కాదు. తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఆయన మీద ఎంత కోపం ఉందో ఇవాళా అంతే ఉంది. కాకపోతే ఆ కోపం ఇప్పుడు ఆయన ఒక్కడి మీదే లేదు.

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టైపిస్టును. చుట్టూ ఇంకా గుట్టలే. మధ్యాహ్నం ఒంటిగంటకు విజిల్ వేసి బండలు పేల్చేవారు. విజిల్ వినపడగానే దుమ్ము పడకుండా మేం టీ గ్లాసుల మీద అరచేతులు మూసుకునేవాళ్లం. మా బిల్డింగుకు ముందు వైపు అద్దాలు వచ్చేశాయి, వెనక వైపు ఇంకా వెదురు కర్రలే. ఆగస్టులో ప్రారంభోత్సవం అనుకున్నారు.

మా ఎండీ దినేష్ గారు చిన్నవాడే, నలభై కూడా లేవు. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మనిషి. తన ఆఫీసులో అడుగుపెట్టినవాళ్లకు ముందుగా తన సముద్రం కనిపించాలని ఆయన ముచ్చట. హాల్లో గోడ పొడుగునా అద్దాల బీరువా కట్టించి, తీరం వెంబడి దొరికే రాళ్లూ, రాళ్లయిపోయిన గవ్వలూ అందులో పెట్టిస్తానన్నాడు. వాళ్ల నాన్నగారి స్నేహితుడొకాయన దగ్గర బ్రహ్మాండమైన సేకరణ ఉందట. ఆ స్నేహితుడే యజ్ఞనారాయణ గారు, రిటైరైన సర్వే ఇంజనీరు.

మే నెలలో మూడు చెక్కపెట్టెలు వచ్చాయి. మేకులు పీకి మొదటి మూత తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మూత లోపల సగం చిరిగిన కాగితం ముక్క అంటుకుని ఉంది. దాని మీద చేతిరాత నాది. పదో తరగతిలో ఉన్నప్పటి రాత, 'క'కు తలకట్టు మరీ పెద్దగా పెట్టేదాన్ని. ఏ పెట్టెలో ఏ నంబర్లు ఉన్నాయో అప్పట్లో నేనే రాసి అంటించిన చీటీ అది.

మా అన్న పేరే పెద్దన్న. నాకు అన్నీ ఆయనే కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయింది. మాది కర్నూలు జిల్లా, బేతంచెర్ల పక్కన. బండల గనుల్లో పని దొరకని రోజుల్లో అన్న సర్వే పార్టీలో చేరి కొలతల గొలుసు లాగేవాడు. తీరం కోసుకుపోతోందని ప్రభుత్వం కొలతలు తీయించిన ఆరేళ్లూ, భీమిలి నుంచి కాకినాడ దాకా, దొరలు జీపులో పోతే అన్న ఇసుకలో నడిచాడు. అలా నడుస్తూ ఏరినవే ఈ రాళ్లు: రాయైపోయిన నత్తగుల్లలు, ఆల్చిప్పల గుత్తులు, పీతలు తొలిచిన బొక్కల్లో మన్ను గట్టిపడ్డ గొట్టాలు. ఆయనకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఆఫీసులో మ్యాపులు గీసే నల్ల ఇంకుతో ఒక్కో రాయి అడుగున నంబరు వేసేవాడు. సెలవుకు ఇంటికి వచ్చి, ఏ నంబరు ఎక్కడ దొరికిందో, ఏ రాతిమెట్టు కింద, ఆటు ఎంత ఉండగా దొరికిందో, తలలోంచి తీసి చెప్తే నేను ఒక పొడుగు నోటుపుస్తకంలో రాసేదాన్ని. మొత్తం రెండొందల పద్నాలుగు.

తొంభై ఒకటిలో ఒక గట్టు విరిగి అన్న కాలు మీద పడింది. ఉద్యోగం పోయింది. అప్పుడు ఆఫీసరుగా ఉన్న యజ్ఞనారాయణ గారు మా ఇంటికే వచ్చి, ఈ రాళ్లు మ్యూజియంలో ఉండాల్సినవి పెద్దన్నా, నీ పేరుతో పెట్టిస్తాను అని మేకులు కొట్టి ఉన్న పెట్టెలు అలాగే జీపులో వేసుకుని పోయాడు. నేను ఆరు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అన్న మాత్రం ఏడేళ్లుగా పండక్కి ఊరికి వెళ్లినప్పుడల్లా, మ్యూజియం నుంచి ఏమైనా వచ్చిందా అని పోస్టుమాన్‌ను అడుగుతూనే ఉన్నాడు.

నేను మర్యాదగానే మొదలుపెట్టాను, ఆ మాట కూడా చెప్పాలి. మర్నాడు, రాళ్లు సర్దించడానికి యజ్ఞనారాయణ గారికి ఇచ్చిన కాబిన్‌లోకి వెళ్లి, నేను ఎవరో చెప్పి, రాళ్లు వెనక్కి ఇవ్వమనలేదు, ఒక మూల చిన్న కార్డు మీద మా అన్న పేరు ఉంటే చాలన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గుర్తుపట్టాడు, అందులో అనుమానం లేదు.

"గొలుసు లాగినవాడి పేరు మ్యాపు మీద రాస్తామా అమ్మా? నువ్వే చెప్పు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం కూడా లేదు.

అరిచి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్నేమో. అంత నిమ్మళంగా అన్నాడు కాబట్టే నాకు పట్టుదల పుట్టింది. ఈయన్ను నలుగురిలో నిలబెట్టి పరువు తీయాలి, అది నా కళ్లతో నేను చూడాలి అనుకుంటూ బయటికి వచ్చాను.

అదృష్టం కూడా నా వైపే ఉంది. కార్డులు టైపు చేసే పని నాకే ఇచ్చారు. ఆయన ఒక్కో రాయీ చేతిలోకి తీసుకుని, ఎప్పుడు ఎలా కనిపెట్టాడో చెప్పేవాడు, నేను టైపు చేసేదాన్ని. సగం కట్టుకథలే. మా అన్న ఏరిన నత్తగుల్ల కోసం ఈయన నడుంలోతు నీళ్లలో దిగాడట. నేను పళ్లు బిగించుకుని టకటకా కొట్టేదాన్ని.

మూడో రోజు మొదటి పెట్టె అడుగు నుంచి ఒక పలక బయటికి తీశాడు. తీసి, ఊపిరి బిగపట్టి చూశాడు. లేత పసుపు రాయి మీద నల్లగా, సన్నగా, ఆకు ఆకుకూ ఈనెలతో సహా ఒక మొక్క ఉంది. ఎవరు చూసినా చెయ్యి వేసి తడుముతారు, అంత అందంగా ఉంటుంది.

నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అది తీరం రాయి కానే కాదు. మా బేతంచెర్ల బండ. మా వైపు గనిలో బండ చీలితే లోపల ఇలాంటి మొక్కలు ఎన్ని కావాలంటే అన్ని కనిపిస్తాయి. అది మొక్క కాదు, పగుల్లోకి నీళ్లు ఇంకి వదిలిన మరక అని మా ఊళ్లో చెడ్డీ వేసుకోని పిల్లవాడు కూడా చెప్తాడు. పెట్టెలు సర్దేటప్పుడు, అడుగు గట్టిగా ఉంటుందని అన్న దాన్ని కింద పరిచాడు. అంతకుముందే దానికి సున్నా నంబరు వేసి ఉంచాడు. ఎవరైనా రాళ్లు చూస్తామని వస్తే ముందు దాన్నే చేతికి ఇచ్చేవాడు. అబ్బ, ఎంత చక్కని చెట్టు అన్నవాళ్లకు మిగతా పెట్టె విప్పేవాడు కాదు. పుస్తకంలో సున్నాకు ఒక్క అక్షరం కూడా రాయించలేదు.

యజ్ఞనారాయణ గారు పలక తిరగేసి చూశాడు. "ఇది అన్నిట్లోకీ గొప్పదమ్మా. అందుకే అడుగున సున్నా చుట్టి గుర్తు పెట్టుకున్నాను," అన్నాడు.

ఎక్కడ దొరికింది సార్ అని అడిగాను. భీమిలికి దక్షిణంగా, తుఫాను వెలిసిన మర్నాడు, కొండ పాదంలో అని చెప్పాడు. తుఫాను ఏ సంవత్సరందో కూడా చెప్పాడు. నేను అక్షరం తప్పు పోకుండా టైపు చేశాను.

అక్కడితో ఆగలేదు నేను. ఈ పలక నడి మధ్యలో, దీపం కింద ఉంటే బాగుంటుంది సార్ అన్నాను. ఆహ్వానపత్రిక మీద ఈ మొక్క బొమ్మ వేస్తే ఎంత నిండుగా ఉంటుందో అని దినేష్ గారితో అన్నాను, ఆయన మురిసిపోయాడు. ఎవరితో తెరిపిద్దాం అన్న మాట వచ్చినప్పుడు, ఎవరో రాజకీయ నాయకుడి కంటే భూగర్భశాస్త్రం ప్రొఫెసరు అయితే కదా సార్‌కు తగిన గౌరవం అన్నాను. యజ్ఞనారాయణ గారు నా వైపు చాలా ఆప్యాయంగా చూశాడు. రామబ్రహ్మం గారని ఒక పెద్దాయన్ను పిలిచారు. ఉత్తరం నేనే టైపు చేశాను.

మూసాపేటలో మా కిరాయి గదిలో అన్నా, నేనూ ఉండేవాళ్లం. అన్న అక్కడే ఒక బండల డిపోలో కొలతలు చూసే పని చేస్తున్నాడు. రెండు నెలలు దాచాను గానీ, ఆహ్వానపత్రిక అచ్చయి వచ్చిన సాయంత్రం ఇక ఆగలేక దాన్ని ఆయన చేతిలో పెట్టి మొత్తం చెప్పేశాను. అన్న వేరుశనగ కాయలు వలుస్తున్నాడు. వలవడం ఆపాడు. పెట్టెలు దొంగిలించినవాడి మీద ఒక్క తిట్టయినా వస్తుందని చూశాను.

"నంబర్లు చెరపలేదు గదా?" అని మాత్రం అడిగాడు.

లేదు, అడుగున అలాగే ఉన్నాయన్నాను. ఆయన ముఖం విప్పారింది. తర్వాత పత్రిక మీద బొమ్మ చూసి కడుపుబ్బ నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఆ బండ తీసేయించు పాపా. ముసలాయన. నలుగురిలో నవ్వులపాలైతాడు," అన్నాడు.

తీసేయిస్తానన్నాను. అబద్ధం. అలా అన్నందుకు అన్న మీద కూడా కోపం వచ్చింది నాకు. అవిటికాలు ఈడ్చుకుంటూ డిపోలో బండలు కొలిచే మనిషికి, తన రాళ్లు తిన్నవాడి మీద అంత జాలి ఎందుకో అర్థం కాలేదు. నా పథకంలో ఇంకో సగం ఉందని ఆయనకు చెప్పలేదు. ముందు యజ్ఞనారాయణ గారి పరువు పోవాలి. ఆ వెంటనే నేను నోటుపుస్తకం తెరిచి, ఇవిగో అసలు వివరాలు, ఇవి ఏరింది పెద్దన్న అనే మనిషి అని ప్రొఫెసరు ముందు పెట్టాలి. ప్రారంభోత్సవం రోజు ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్లాను.

అందరూ వచ్చారు. దీపం వెలిగించారు. రామబ్రహ్మం గారు బక్కపలచని మనిషి, తెల్ల చొక్కా, చేతిలో చిన్న భూతద్దం. రిబ్బను కత్తిరించి, బీరువా పొడుగునా ఒక్కో రాయి దగ్గరా ఆగుతూ నడిచాడు. నత్తగుల్లల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నడి మధ్య పలక దగ్గరికి వచ్చి భూతద్దం పెట్టలేదు. ఊరికే చూసి, ఇది ఎక్కడ దొరికిందండీ అని అడిగాడు.

యజ్ఞనారాయణ గారు గొంతు సవరించుకుని తుఫాను కథ మొదలుపెట్టాడు. ఈసారి కథలో గాలి ఇంకా జోరుగా వీచింది, కొండ కూడా ఎత్తు పెరిగింది. పేపరువాళ్లు రాసుకుంటున్నారు. నేను గోడకు ఆనుకుని, ప్రతి మాటా బెల్లంముక్కలా చప్పరిస్తూ విన్నాను.

సత్తెమ్మ మా ఆఫీసులో తుడిచే మనిషి, మాదాపూర్ ఊరి మనిషే. బకెట్టు పట్టుకుని అటుగా పోతూ, ఇందరు ఏం చూస్తున్నారో అని భుజాల మధ్య నుంచి తొంగి చూసింది. ఆమెకు నేనేమీ చెప్పలేదు, ఒట్టు.

"గీ చెట్టు మన బాత్రూంల కాడ గూడ ఉంది గద సారూ," అంది. "పొద్దుగాల్నే తుడిచిన. తల్పు కాడ ఒకటి, నీళ్ల నల్ల కాడ రెండు."

ఎవరో కిసుక్కుమన్నారు. రామబ్రహ్మం గారు మాత్రం, పద అమ్మా చూపించు అని ఆమె వెంట నడిచాడు. ఆయన వెంట దినేష్ గారు, పేపరువాళ్లు, ఊరేగింపుగా అందరూ. బాత్రూములకు వెళ్లే సందులో పరిచింది బేతంచెర్ల బండలే, మా అన్న డిపో నుంచి వచ్చినవే. అప్పుడే తుడిచిన నేల మీద మొక్కలు నిగనిగలాడుతున్నాయి. ఆహ్వానపత్రిక ఇంకా అందరి చేతుల్లోనే ఉంది. ఒకాయన వంగి, పత్రికను బండ పక్కన పెట్టి పోల్చి చూశాడు.

రామబ్రహ్మం గారు ఎవర్నీ నొప్పించే మనిషి కాదు. ఇది మొక్క కాదండీ, మాంగనీసు మరక, చాలామంది పొరపడతారు అన్నాడు. మీ పలక తీరానిది కాదు, కర్నూలు వైపుది అని కూడా అన్నాడు. నవ్వులు అప్పటికే మొదలయ్యాయి. యజ్ఞనారాయణ గారి ముఖంలో రంగు నుదుటి దగ్గర నుంచి మొదలై కిందికి దిగిపోవడం నేను చూశాను. కండువా సర్దుకోబోతే అది జారి తడి నేల మీద పడింది. తీసుకోవడానికి ఆయన వంగలేదు. ఏడేళ్ల తర్వాత నా ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు రామబ్రహ్మం గారు బీరువా దగ్గరికి తిరిగి వచ్చి, కొంచెం బాధగా, మిగతావాటి సంగతి అడిగాడు. "గుల్లలు మంచివిలాగే ఉన్నాయి. కానీ ఎక్కడ దొరికిందో తెలియని రాయి ఉత్త రాయేనండీ. వీటికి పుస్తకం ఏమైనా ఉందా?"

యజ్ఞనారాయణ గారు ఖాళీ భుజం మీద కండువా కోసం తడుముకున్నాడు. దినేష్ గారు అటూ ఇటూ చూశాడు. నా చెయ్యి బ్యాగు జిప్పు మీదే ఉంది.

పుస్తకం తీస్తే ఏమవుతుందో నాకు అప్పుడు తట్టింది. రాళ్లు నిజమైనవని తేలిపోతుంది. రాళ్లు నిజమైతే ముసలాయన బతికిపోతాడు. ఒక్క పలక దగ్గర పొరపాటు పడ్డాడు గానీ ఎంత గొప్ప సేకరణ భద్రం చేశాడో అని ఇదే జనం ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతారు. ఆయన ముఖంలోకి మళ్లీ రంగు వస్తుంది. అది నేను చూడలేననిపించింది. ఇంకొక్క నిమిషం ఆయన్ను అలాగే ఉండనిద్దాం అనుకున్నాను.

ఆ నిమిషంలోనే టిఫిన్లు పెట్టారని ఎవరో పిలిచారు. జనం కదిలారు. రామబ్రహ్మం గారు నాకు నమస్కారం పెట్టి కారెక్కాడు.

యజ్ఞనారాయణ గారు మళ్లీ ఆఫీసుకు రాలేదు. ఆ వారం రోజులూ నేను పండగ చేసుకున్నాను. క్యాంటీన్‌లో ఆయన గొంతుతో తుఫాను కథ చెప్పి అందరినీ నవ్వించాను. ఇంటికి వెళ్లి అన్నకూ చెప్పాను. సత్తెమ్మే బయటపెట్టింది, నా చేతిలో లేదన్నాను. పుస్తకం సంగతి ఎత్తలేదు. అన్న నవ్వలేదు. మిగతా రాళ్లు ఏం చేసినారు అని అడిగాడు. ఉన్నాయిలే అన్నాను.

లేవు. సోమవారం ఆఫీసుకు వెళ్లేసరికి బీరువాలో అద్దాల తొట్లు పెట్టి రంగు చేపలు వదిలారు. ఆ చెత్తంతా కాంట్రాక్టరు ఎత్తించేశాడని దినేష్ గారి పీఏ చెప్పింది. ఎక్కడికి అంటే, ఈ చుట్టుపక్కల రాళ్లకేం కొదవ అని నవ్వింది. గుట్టలు పేల్చిన ముక్కల కుప్పల చుట్టూ మధ్యాహ్నాలు తిరిగాను. ఒక్కటీ దొరకలేదు. కనిపిస్తే చెప్పమని సత్తెమ్మకు చెప్పి పెట్టాను.

సెప్టెంబరులో ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని కాంపౌండంతా ముస్తాబు చేశారు. సత్తెమ్మ నా టేబుల్ దగ్గరికి వచ్చి, మీ రాళ్లకు రంగేస్తున్నరమ్మా అని చెప్పింది. పరుగెత్తాను. గేటు నుంచి మెట్ల దాకా, క్రోటన్ మొక్కల పాదులకు అంచు కట్టి, సగం సగం మట్టిలో పాతి ఉన్నాయి. ఒకదానికి తెల్ల సున్నం, ఒకదానికి ఎర్ర జాజు, మళ్లీ సున్నం, మళ్లీ జాజు. గుల్లల మెలికల్లో సున్నం గడ్డకట్టింది.

ఆ ఆదివారం అన్నను తీసుకొచ్చాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని ఆటో దిగాడు. లెటరు లేనిదే ఒక్క రాయి కూడా బయటికి పోనివ్వనని వాచ్‌మన్ చెప్పాడు. రేపు నేనే టైపు చేసి దినేష్ గారి సంతకం పెట్టిస్తానన్నాను. సత్తెమ్మ ఆ రోజు డ్యూటీలో ఉంది, చీపురు పక్కన పెట్టి వచ్చి మా దగ్గర కూర్చుంది.

అన్న అవిటికాలు చాపుకుని నేల మీద చతికిలబడి, రాళ్ల వరుసను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తర్వాత సున్నం వేసిన రాయి ఒకటి రెండు చేతులతో పెళ్లగించి తిరగేశాడు. అడుగున రంగు లేదు. మట్టి తుడిస్తే నల్ల ఇంకు కనిపించింది.

"ఉండాది," అన్నాడు. "అరవై ఒకటి. చదువు."

చదివాను. అరవై ఒకటి. నత్తగుల్ల, రాయి అయినది. పాయ నోటికి ఎడమ పక్క, రెండో రాతిమెట్టు కింద. పొద్దున, ఆటు తగ్గినాక. చినుకులు. తలకట్టులు పెద్దగా పెట్టిన నా రాత. అన్న కళ్లు మూసుకుని విని, సరిగ్గానే రాసినావు అన్నట్టు తలాడించాడు.

సత్తెమ్మ మా ఇద్దర్నీ, పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. "గా దినం పెద్దసారు అడిగిన బుక్కు గిదేనా? బుక్కు ఉందా, బుక్కు ఉందా అని అడిగిండు పాపం. ఎవ్వలు నోరు తెర్వలె."

అన్న నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో అనుమానం లేదు. అనుమానం ఉంటే నాకు తేలికయ్యేది.

"ఆ పొద్దు పుస్తకం ఇంట్లో మర్చిపోయినావా పాపా?"

"అవునన్నా," అన్నాను.

"పోన్లే. మతిమరుపు ఎవురికైనా ఉంటాది," అని రాయిని మళ్లీ సున్నం పైకి వచ్చేట్టు గుంతలో పెట్టి, చేతుల మీద ఆనుకుని పక్కదాని దగ్గరికి జరిగాడు. తిరగేసి, బొటనవేలితో మట్టి తుడిచి, నూట మూడు అన్నాడు.

నేను పేజీలు తిప్పాను.